చీటీలో లేని బిడ్డ

నవంబరు దగ్గర పడుతోందంటే మా అమ్మమ్మ నన్ను పిలిచి చీటీ రాయించేది. ఆ చీటీ గుడిలో ఇచ్చేవాళ్లు. అరచేతి వెడల్పు కాగితం, పైన సిలువ బొమ్మ, కింద పదో పన్నెండో గీతలు. దాంతోపాటు ఓ కవరు, పూజ కానుక పెట్టడానికి. గీతల మీద ఇంట్లో చనిపోయినవాళ్ల పేర్లు రాసి ఇస్తే ఆ నెలంతా వాటిని పీఠం దగ్గర ఉంచి పూజలో వాళ్లందరినీ తలుచుకుంటారు. అమ్మమ్మకి చదువు రాదు. నేను మూడో తరగతి. ఆవిడ చెబుతుంటే నేను రాయడం. రాయప్ప, చిన్నప్ప, శౌరమ్మ, ఇన్నయ్య... మా పక్క కతోలిక ఇళ్లలో పుట్టినవాళ్లకి ఈ పేర్ల వరస వింటే చాలు, ఊరు గుర్తొస్తుంది.

ఆ వరసకి ఓ పద్ధతి ఉండేది. ముందు తాతయ్య తండ్రి, తర్వాత తల్లి, తర్వాత తాతయ్య, ఆయన అన్నదమ్ములు, పెళ్లికాక ముందే పోయిన ఓ ఆడపడుచు. ఇవన్నీ అయ్యాక కాస్త ఆగి, గొంతు తగ్గించి, తన అమ్మానాన్నల పేర్లు చెప్పేది. పుట్టింటివాళ్లు ఎప్పుడూ ఆఖరి గీతల మీదే. ఒక్కోసారి గీతలు అయిపోతే మార్జిన్లో రాయమనేది. అంతా అయ్యాక "ఇంకా..." అనేది. నేను పెన్సిలు పట్టుకుని చూస్తూ ఉండేదాన్ని. "చాల్లే, మడిచెయ్" అనేది. ప్రతి ఏడూ అంతే. ఆ "ఇంకా" తర్వాత ఏముందో అడగాలని నాకు తోచలేదు.

నవంబరు 2న సమాధుల పండుగ. గుడి క్యాలెండరులో దానికి మృతుల స్మరణ దినమని పెద్ద పేరే ఉంది గానీ మా ఊళ్లో ఎవరూ అలా అనరు. వారం ముందునుంచే సమాధుల తోటలో పని మొదలయ్యేది. ముళ్లకంపలు కొట్టేది మగవాళ్లు, కూలికి. ఆ తర్వాత సమాధి కడగటం, సున్నం వేయడం, పగిలిన చోట సిమెంటు అద్దటం, బంతిపూల దండలు గుచ్చటం, కొవ్వొత్తులు, సాంబ్రాణి, పిల్లల్ని తీసుకెళ్లటం, ఏ సమాధి ఎవరిదో వాళ్లకి చెప్పటం, ఇదంతా ఆడవాళ్ల పని. సాయంత్రం ఫాదర్ గారు వచ్చి వరసల మధ్య తీర్థం చల్లుకుంటూ వెళ్తారు. పది నిమిషాలు. ఆ పది నిమిషాలకీ ప్రార్థన పుస్తకంలో పేజీలున్నాయి. అంతకుముందు వారానికి ఏ పుస్తకంలోనూ లేవు.

అమ్మమ్మ బావి నుంచి బొక్కెనతో నీళ్లు తెచ్చి తాతయ్య సమాధి కడిగేది. ఎప్పుడూ కొన్ని నీళ్లు మిగిలిపోయేవి. వాటిని తీసుకెళ్లి తోట వెనక గోడ దాకా నడిచి, గోడ అవతలకి వంపి వచ్చేది. బొక్కెన ఖాళీ చేస్తోందనుకునేదాన్ని. దారిలోనే పారబోయొచ్చుగా, అంత దూరం ఎందుకు అని కూడా అనుకునేదాన్ని.

ఈ వ్యాసం ఆ చీటీ గురించి, ఆ బొక్కెన గురించి. ఇరవై ఏళ్లకి పైగా స్త్రీల ఆత్మకథలు, ఉత్తరాలు, డైరీలు చదివి పాఠాలు చెప్పినదాన్ని. అచ్చుకాని రాతల్ని కూడా సాహిత్యంగా చదవాలని విద్యార్థులతో వాదించినదాన్ని. అయినా మా అమ్మమ్మ ఏటా చెప్పి రాయించిన చీటీ ఒక పాఠమని నాకు తట్టలేదు. జమాఖర్చుల పుస్తకం తాతయ్యది, ఉత్తరాలు మామయ్యవి. ఆవిడ తన మాటలతో, తన వరసలో కూర్చిన రాత ఏదన్నా ఉందంటే ఆ చీటీ ఒక్కటే. దాన్ని రాసిన చెయ్యి నాదే అయినా నేను చదవలేదు.

జాబితాని చదవడమంటే అందులో ఉన్నవాళ్లని మాత్రమే చదవడం కాదు. ఎవరు ఎవరి తర్వాత వచ్చారు, ఎవరికి సొంత పేరుంది, ఎవరు ఇంకొకరి భార్యగా మాత్రమే ఉన్నారు, ఎవరు అసలు రాలేదు అన్నది చూడాలి. మా తోటలో పాత రాళ్లు చూడండి. మగవాళ్ల రాళ్ల మీద పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ ఉంటాయి. చాలామంది ఆడవాళ్ల రాళ్ల మీద "ఫలానావారి భార్య" అని ఉండి, చనిపోయిన తేదీ ఒక్కటే ఉంటుంది. పుట్టినట్టు దాఖలా లేదు. నిజమే, మన చదువుల్లో ఇది కొత్త సంగతేం కాదు. ప్రతి మతంలోనూ, ప్రతి శ్మశానంలోనూ ఇదే కథ అని ఎవరన్నా అంటే నేను కాదనను.

కానీ కతోలిక ఆచారంలో ఒక వెసులుబాటుంది. దాన్ని చూడకపోవటం అన్యాయం. నా స్నేహితురాలొకామె, బ్రాహ్మణ కుటుంబం, అన్నదమ్ములు లేరు. తండ్రి పోయినప్పుడు ఆమె ఉండగానే పినతండ్రి కొడుకుని పిలిపించి తలకొరివి పెట్టించారు. తద్దినాలూ అతని చేతిమీదుగానే. "మీకు నయం, కూతురు వెళ్లి డబ్బు కట్టి పూజ చెప్పించొచ్చు" అంది నాతో. నిజమే. చనిపోయినవాళ్ల కోసం పూజ చెప్పించడానికి కొడుకే కానక్కర్లేదు, పెళ్లయిన కూతురు కావచ్చు, కోడలు కావచ్చు, ఎవరూ కాని పొరుగావిడ కావచ్చు. 1983 నాటి ధర్మశాస్త్రం 901వ సూత్రం ప్రకారం గురువు ఎవరి కోసమైనా, బతికున్నవాళ్లకైనా చనిపోయినవాళ్లకైనా పూజ అర్పించవచ్చు. 958వ సూత్రం ప్రకారం ప్రతి విచారణలోనూ ఒక పుస్తకం ఉండాలి, ఎవరి ఉద్దేశం, ఎంత కానుక, ఎప్పుడు జరిగింది అన్నీ అందులో రాయాలి. పూజ చేసే అధికారం మగవాడిదే, అందులో మార్పు లేదు. కానీ అడిగే హక్కుకి లింగం లేదు. ఆ పుస్తకాల్ని ఎవరైనా తెరిచి చూస్తే అడిగినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే కనిపిస్తారని నా నమ్మకం.

ఈ అడిగే పనిని ఆడవాళ్లకి అప్పగించడం కూడా పాతదే, అది మరీ అమాయకమైన అప్పగింతేం కాదు. సుమారు 1800 ఏళ్ల కిందట ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో తెర్తుల్లియను అనే రచయిత ఉండేవాడు. భర్త పోయిన స్త్రీ మళ్లీ ఎందుకు పెళ్లి చేసుకోకూడదో చెబుతూ ఆయన ఓ వాదన తెస్తాడు: ఆమె భర్త ఆత్మ కోసం ప్రార్థిస్తుంది, అతనికి చల్లదనం కోరుతుంది, ఏటా అతను పోయిన రోజున కానుక అర్పిస్తుంది, ఇక ఇంకో మగవాడికి చోటెక్కడిది? చనిపోయినవాళ్ల సంవత్సరీకం గురించి క్రైస్తవంలో దొరికే తొలి ప్రస్తావనల్లో ఇదొకటి. అది కనిపించడమే విధవరాలి మెడకి కట్టిన తాడుగా కనిపిస్తుంది. ఆయన వాడిన ఆ "చల్లదనం" అన్న మాట మాత్రం నాకిష్టం. లాటిను పూజలో చనిపోయినవాళ్ల కోసం అడిగే చోటు చల్లగా ఉండే చోటు. పల్నాటి మే నెల ఎండల్లో శవం వెనక నడిచినవాళ్లకి ఆ కోరిక విడమరిచి చెప్పక్కర్లేదు.

అదే ఊరు, అవే రోజులు. 203వ సంవత్సరం మార్చిలో కార్తేజి క్రీడారంగంలో పెర్పెతువ అనే ఇరవై రెండేళ్ల యువతిని చంపారు. కలిగినింటి పిల్ల, చదువుకుంది, చంటిబిడ్డ తల్లి. ఆమెతోపాటు ఫెలిసితాస్ అనే బానిస స్త్రీ, జైల్లోనే ఎనిమిదో నెలలో ఆడపిల్లని కన్నది. పెర్పెతువ జైల్లో రాసుకున్నదని చెప్పే భాగం వాళ్ల మరణగాథ మధ్యలో ఉంది. ముందూ వెనకా ఇంకొకరు రాశారు. ఆ మధ్య భాగం నిజంగా ఆమె రాసిందేనా అన్న చర్చ ఉంది గానీ, ఒక క్రైస్తవ స్త్రీ సొంత గొంతుగా మనకి దక్కిన అతి పాత రాతల్లో అదొకటి. దాన్ని నేను ఏటా పాఠం చెప్పాను. చెప్పినప్పుడల్లా మేం ఎక్కువసేపు ఆగేది ఆఖరి కల దగ్గర, రంగంలో పోరాడటానికి బట్టలు విప్పితే తాను మగవాడిగా మారినట్టు చూసుకుంటుంది కదా, అక్కడ. లింగం, దేహం, అధికారం, అన్నీ అక్కడే దొరుకుతాయి. వ్యాసాలన్నీ అక్కడే వాలతాయి, నావి కూడా. మధ్యలో ఆమె తమ్ముడి గురించి వచ్చే రెండు కలల్ని "కుటుంబ అనుబంధం" అని ఓ మాట అని దాటించేసేదాన్ని.

ఒక ఏడాది తరగతిలో ఓ అమ్మాయి అడిగింది, ఆ పిల్లాడికి దాహం ఎందుకని. ఇంటికొచ్చి మళ్లీ చదివాను.

ప్రార్థన చేస్తుండగా పెర్పెతువ నోటికి అనుకోకుండా ఓ పేరు వస్తుంది, దినోక్రాతేసు. ఏడేళ్లప్పుడు మొహం మీద పుండుతో చనిపోయిన తమ్ముడు. ఇన్నాళ్లూ వాడు తనకి గుర్తే రాలేదని ఆమెకే ఆశ్చర్యం. ఆ రాత్రి కలలో వాడు ఓ చీకటి చోటు నుంచి బయటికొస్తాడు. ఒళ్లంతా వేడి, మాసిన బట్టలు, పాలిపోయిన మొహం, పుండు అలాగే ఉంది. దాహంతో ఉన్నాడు. పక్కనే నీళ్ల తొట్టి, నిండా నీళ్లు. కానీ తొట్టి అంచు వాడి ఎత్తుకంటే పైన ఉంది. మునివేళ్ల మీద లేచినా అందదు. వాడికీ ఆమెకీ మధ్య దాటలేనంత దూరం. ఆమె లేచి రాత్రీ పగలూ వాడికోసం ఏడుస్తూ ప్రార్థిస్తుంది. కొన్నాళ్లకి మరో కల. అదే చోటు వెలుగుగా ఉంది. వాడు శుభ్రంగా ఉన్నాడు, పుండు మాని మచ్చయింది, తొట్టి అంచు వాడి బొడ్డు దాకా దిగింది. తాగినంత తాగి పిల్లలు ఆడుకున్నట్టు ఆడుకోవడానికి వెళ్లిపోయాడు.

ఆ తొట్టి అంచు దగ్గర నాకు బొక్కెన గుర్తొచ్చింది.

అప్పటికి అమ్మమ్మ లేదు. పిన్నికి ఫోను చేశాను. పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. "నీకెవరు చెప్పారు?" అంది. ఎవరూ చెప్పలేదన్నాను. అప్పుడు చెప్పింది.

1950ల్లో. అమ్మమ్మకి మూడో కాన్పు. ఎండాకాలం. ఇంటి దగ్గరే పురుడు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టింది, ఏడవలేదు. కొద్దిసేపటికే పోయింది. జ్ఞానస్నానం కాలేదు కాబట్టి సమాధుల తోటలో పెట్టడానికి వీల్లేదన్నారు. అప్పటి చట్టం అదే. 1917 నాటి ధర్మశాస్త్రం జ్ఞానస్నానం లేనివాళ్లకి గుడి భూస్థాపన లేదంటుంది. తోట వెనక, గోడ అవతల, తుమ్మచెట్టు దగ్గర చీకటిపడ్డాక పెట్టి వచ్చారు. పేరు పెట్టలేదు. పేరు లేదు గనక చీటీలో గీత లేదు.

ఇంతవరకే అయితే ఇది గుడి చట్టం చేసిన గాయమని రాసి ముగించేదాన్ని. పిన్ని ఇంకో సంగతి చెప్పింది. పురుడు పోసిన మంత్రసాని మాదిగపల్లె నుంచి వచ్చేది. లూథరన్ గుడికి వెళ్లే మనిషి. నెల తర్వాత అమ్మమ్మకి ఒంట్లో నలతగా ఉంటే చూడటానికొచ్చి, ఎవరూ లేనప్పుడు మెల్లగా అందట: "అమ్మా, బిడ్డ ఏడవలేదు గానీ కదిలింది. నేను నీళ్లు పోశాను. తండ్రి పేరా, కొడుకు పేరా, పరిశుద్ధాత్మ పేరా అన్నాను. మీవాళ్లెవరూ నన్నడగలేదు."

చావు ముంచుకొచ్చినప్పుడు గురువే కానక్కర్లేదు, మగవాడే కానక్కర్లేదు, కతోలికులే కానక్కర్లేదు, గుడి చేసే ఉద్దేశంతో నీళ్లు పోసి ఆ మాటలు అన్న ఎవరి జ్ఞానస్నానమైనా చెల్లుతుంది. ఇది కొత్తగా వచ్చిన ఉదారవాదం కాదు. శతాబ్దాలుగా ఐరోపాలో మంత్రసానులకి గురువులే ఈ మాటలు నేర్పేవాళ్లు, ఎందుకంటే పురిటిగదిలో ఉండేది వాళ్లే. ఆడవాళ్లు జ్ఞానస్నానం ఇవ్వటమేమిటని తెర్తుల్లియను మండిపడ్డాడు గానీ ఆ విషయంలో గుడి చివరికి ఆయన మాట వినలేదు. అంటే చట్టం ప్రకారం చూస్తే మా అమ్మమ్మ బిడ్డకి తోట లోపల చోటుంది. ఉపదేశి వచ్చి అడిగింది తాతయ్యని. తాతయ్య వరండాలో ఉన్నాడు, ఆయనకేం తెలుసు? లోపలున్న మనిషిని అడగాలని ఎవరికీ తోచలేదు. ఆమె పైకి చెప్పి ఉంటే మాత్రం నమ్మేవాళ్లా? మాది రెడ్డి కతోలిక కుటుంబం. మాదిగ స్త్రీ చేతి నీళ్లు మా ఇంట్లో ఎవరూ తాగేవాళ్లు కారు. ఆ చేత్తో పోసిన నీళ్లు బిడ్డని తోట లోపలికి తెచ్చాయని ఒప్పుకోవటం కంటే గోడ అవతల పెట్టటం వాళ్లకి తేలికైన పని.

అమ్మమ్మ కూడా పైకి చెప్పలేదు. ఇది రాయటం నాకు కష్టంగా ఉంది. ఆవిడ మాట ఆ ఇంట్లో చెల్లదు, నిజమే. కానీ ఆ మాట చెప్పాలంటే మంత్రసాని చేతిని ఒప్పుకోవాలి, అది కూడా ఆవిడ వల్ల కాలేదేమో. మంత్రసాని సమాధి ఎక్కడుందో నాకు తెలియదు. వాళ్ల తోట వేరు, మా తోట వేరు. శాఖలు వేరు కదా అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఒకే గుడికి వచ్చేవాళ్ల మధ్య కూడా సమాధుల దగ్గర గోడలుంటాయని మనకి తెలుసు. తిరుచిరాపల్లి మేలపుదూరులో ఒకే కతోలిక తోటని రెండుగా చీల్చిన గోడ గురించి దళిత క్రైస్తవులు ఎన్నేళ్లుగానో పోరాడుతున్నారు. బామ 1992లో "కరుక్కు" రాసినప్పుడు గుడి లోపలి కులాన్ని ఒక దళిత స్త్రీ, అదీ మఠం వదిలి వచ్చిన స్త్రీ, బయటపెట్టింది. భారత కతోలిక పీఠాధిపతుల సంఘం తమ గుడిలో అంటరానితనం ఉందని ఒప్పుకుంటూ దళితుల విషయంలో ఒక విధాన పత్రం విడుదల చేసింది 2016 డిసెంబరులో. మృతుల కోసం చేసే ప్రార్థనల్లో అందరూ ఒకటే. పాతిపెట్టే దగ్గర కాదు.

మళ్లీ పెర్పెతువ దగ్గరికొస్తాను, ఎందుకంటే ఆమె కలకి తర్వాత ఏమైందన్నది సాహిత్య విమర్శ చేసేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయం. రెండు వందల ఏళ్ల తర్వాత, సుమారు 419 ప్రాంతంలో, ఓ యువకుడు ఈ కథని సాక్ష్యంగా తెచ్చాడు. జ్ఞానస్నానం లేకుండా చనిపోయిన పిల్లల్ని కూడా ప్రార్థన రక్షిస్తుంది, దినోక్రాతేసుని చూడండి అన్నాడు. దానికి జవాబు రాసింది పునీత అగుస్తీను. ఆయన జవాబు ఒక విమర్శకుడి జవాబు. ఇది పరిశుద్ధ గ్రంథంలో భాగం కాదన్నాడు ముందు. తర్వాత, ఆ పిల్లాడికి జ్ఞానస్నానం కాలేదని పాఠంలో ఎక్కడుంది అన్నాడు. ఏడేళ్లవాడు కదా, జ్ఞానస్నానం అయ్యే ఉండొచ్చు, ఆ తర్వాత అన్యుడైన తండ్రి విగ్రహాల దగ్గరికి తీసుకెళ్లి ఉండొచ్చు, ఆ పాపానికే ఆ చీకటి. పాఠంలో లేనిదాన్ని ఊహించొద్దని ఎదుటివాడికి చెప్పి, తను మాత్రం ఓ పాపాన్ని ఊహించాడు. పెర్పెతువ తమ్ముడి పాపం గురించి ఒక్క మాట రాయలేదు. పుండు గురించి రాసింది, దాహం గురించి, తొట్టి ఎత్తు గురించి రాసింది. ఆమెకి తెలిసిన సమస్య, అంచు ఎత్తుగా ఉంది, దించాలి. ఆయనకి తెలిసిన సమస్య, నియమానికి మినహాయింపు రాకూడదు.

ఆ అగుస్తీనునే పూర్తిగా వదిలేయలేను, మోనికమ్మ కొడుకు కాబట్టి. తన ఆత్మకథలో ఆయన ఓ సంగతి చెబుతాడు. వాళ్లమ్మ ఆఫ్రికాలో ఉన్నప్పుడు అలవాటైనట్టే మిలానులో కూడా వేదసాక్షుల సమాధుల దగ్గరికి జావ, రొట్టె, ద్రాక్షారసం బుట్టలో పెట్టుకుని వెళ్లింది. ద్వారం దగ్గర కాపలావాడు ఆపాడు. బిషప్పుగారి ఉత్తరువు, అన్యుల పితృకార్యాల్లా ఉందని. ఆవిడ మారుమాట్లాడకుండా బుట్ట వెనక్కి తీసుకెళ్లింది. కొడుకు దాన్ని విధేయతకి ఉదాహరణగా మెచ్చుకుంటూ రాశాడు. నేను ఆ బుట్టనే చూస్తాను. ఆవిడ ఆ జావ కాచటానికి ఎన్ని గంటలకి లేచిందో.

387లో ఓస్తియాలో చనిపోయేముందు ఆవిడ అడిగింది ఒకటే, ఈ శరీరాన్ని ఎక్కడైనా పెట్టండి, పీఠం దగ్గర నన్ను తలుచుకోండి అని. భర్త పక్కన తన కోసం సమాధి ముందే సిద్ధం చేసుకున్న మనిషి ఆ మాటంది. మృతుల కోసం పూజ చెప్పించే ఆచారానికి మా ప్రసంగాల్లో ఎప్పుడూ చూపించే ఆధారం ఇదే. ఒక స్త్రీ కోరిక అని మాత్రం ఎవరూ అనరు. ఆ పుస్తకం మొత్తంలో మోనికమ్మ పేరు ఒక్కసారే వస్తుంది, ఆ భాగం చివర్లో, చదివేవాళ్లు కూడా పీఠం దగ్గర ఆవిడని తలుచుకోవాలని కొడుకు అడిగే చోట. అంతవరకూ "మా అమ్మ". చీటీలో రాయాల్సి వచ్చినప్పుడే పేరు. అదే పుస్తకంలో ఆయనతో ఏళ్ల తరబడి కాపురం చేసి కొడుకుని కన్న స్త్రీకి ఆ ఒక్కసారి కూడా పేరు లేదు.

ముసలితనంలో మృతుల పట్ల మనం తీసుకునే శ్రద్ధ గురించి ఇంకో పుస్తకం రాస్తూ, చనిపోయినవాళ్లకి మన సంగతులు తెలియవంటాడాయన. తెలిసేటట్టయితే మా అమ్మ ఒక్క రాత్రి కూడా నా దగ్గరికి రాకుండా ఉండదు అంటాడు. సిద్ధాంతం కోసం చెప్పిన వాక్యమే. కానీ అది చదివినప్పుడు ఆయన మీద కోపం కొంత దిగింది.

చట్టం మారింది. 1970 నాటి పూజగ్రంథంలో జ్ఞానస్నానం కాకముందే చనిపోయిన బిడ్డ కోసం ప్రత్యేక పూజ ఉంది. 1983 ధర్మశాస్త్రంలో 1183వ సూత్రం, తల్లిదండ్రులకి జ్ఞానస్నానం ఇప్పించే ఉద్దేశముంటే బిషప్పు అనుమతితో గుడి భూస్థాపన చేయొచ్చంటుంది. ఈ పిల్లలు నరకమూ కాని మోక్షమూ కాని "లింబో"లో ఉంటారన్న పాత ఊహని పక్కనపెట్టి, వాళ్లు రక్షింపబడతారని ఆశించడానికి బలమైన కారణాలున్నాయని వాటికను వేదాంత సంఘం 2007లో ఒక పత్రంలో చెప్పింది. మంచిదే. అయితే ఆ 1970 పూజలో ప్రార్థనలు చదివితే అవి బిడ్డకోసం కాదు, దుఃఖంలో ఉన్న తల్లిదండ్రుల ఓదార్పు కోసం. బిడ్డ గురించి గుడి ఇంకా జాగ్రత్తగానే మాట్లాడుతోంది. పైగా ఈ మార్పుల గురించి మా విచారణలో ఏ ఆదివారమూ ఎవరూ చెప్పగా నేను వినలేదు. అమ్మమ్మ 1998లో చనిపోయింది. చట్టం మారి అప్పటికి పదిహేనేళ్లు. ఆ పదిహేను నవంబర్లూ "ఇంకా..." అని ఆగుతూనే ఉంది.

ఇంకో చిన్న సంగతి చెప్పి నా విషయానికొస్తాను. పెర్పెతువ, ఫెలిసితాస్ పేర్లు పూజలోని మొదటి కృతజ్ఞతా ప్రార్థనలో ఉన్నాయి. గురువు మృతుల్ని తలుచుకున్న వెంటనే వచ్చే వేదసాక్షుల వరస అది. అందులో ఏడుగురు స్త్రీలు. ఇప్పటి పూజగ్రంథంలో ఆ వరసలో మొదటి నలుగురు మగవాళ్ల తర్వాత బ్రాకెట్టు మొదలవుతుంది. బ్రాకెట్టులోవి సమయాన్నిబట్టి వదిలేయొచ్చు. ఏడుగురు స్త్రీలూ బ్రాకెట్టులోనే ఉన్నారు. కొందరు మగవాళ్లు కూడా ఉన్నారు, నిజం చెప్పాలి కదా. అయినా అది చూసినప్పటినుంచీ పూజలో ఆ చోటు వస్తే చెవులు రిక్కించి వింటాను. మా ఫాదర్ గారు ఎక్కువగా చిన్న ప్రార్థనే తీసుకుంటారు కాబట్టి వినే అవసరమే రాదు.

పిన్ని 2021 మేలో కోవిడ్‌తో పోయింది. ఆవిడ సమాధి దగ్గర ఆ రోజు నలుగురమే ఉన్నాం. కిందటి నవంబరులో ఊరికెళ్లి చీటీ తీసుకున్నాను. అందరి పేర్లూ రాశాను, ఈసారి పుట్టింటివాళ్లు ముందు. పిన్ని పేరు రాశాను. ఇంకో గీత మిగిలింది. అలా కాదు, పుస్తకంలోనే రాయిద్దామని గుడి ఆఫీసుకి వెళ్లాను. రిజిస్టరు రాసే కుర్రాడున్నాడు, డిగ్రీ చదువుతున్నాడట, సెలవుల్లో ఈ పని.

"ఎవరి పేరు మీద మేడం?"

"పేరు లేదు. చిన్నప్పుడే పోయింది."

అతను తల ఎత్తి చూశాడు. అయినా ఆశ్చర్యపోలేదు. "ఇంటిపేరు మీద రాయమంటారా? తండ్రి పేరు చెప్పండి."

"తల్లి పేరు రాయండి" అని అమ్మమ్మ పేరు చెప్పాను. రాశాడు. "గారి..." అని రాసి పెన్ను ఆపాడు.

"పాపా, బాబా మేడం?"

పిన్ని "బిడ్డ" అనే అంది. మంత్రసాని మాటల్లోనూ బిడ్డే. ఫోనులో ఆ రోజు గంటసేపు మాట్లాడాను, నీళ్ల గురించి అడిగాను, తుమ్మచెట్టు ఎటువైపుందో అడిగాను, ఉపదేశి ఎవరని అడిగాను. ఇది అడగలేదు. ఇప్పుడు అడగటానికి ఎవరూ లేరు.

"బిడ్డ అని రాయండి" అన్నాను.